ఏడు గంటల తేడా

మా బస్టాండు టైమ్‌కీపరు పేరు సర్వీసు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. డ్రైవర్లు, కండక్టర్లు, చివరికి రోజూ ఎక్కే ప్రయాణికులు కూడా ఆయన్ని ‘ముల్లు’ అనేవాళ్లు. సెకన్ల ముల్లు అన్నమాట. బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా కదిలితే షీటు మీద నాలుగూ రాసేవాడు. ఎంత బతిమాలినా మూడు చేసేవాడు కాదు. ‘ఇవాళ ముల్లు గుచ్చుకుందిరా’ అని గొణుక్కుంటూ పోయేవాళ్లం. అయినా ఆయన మీద ఎవరికీ కోపం నిలిచేది కాదు. తన సొంత షీటులో కూడా అలాగే రాసుకునేవాడు మరి. ఒకసారి ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, ఎవరూ అడక్కుండానే ఆ ఆరూ వేసుకుని సంతకం పెట్టాడు.

నేను ఆ డిపోలో ఇరవై రెండేళ్లు కండక్టరుగా చేశాను. అందులో పదకొండేళ్లు ఆయన సంతకంతోనే నా రోజు మొదలైంది. ప్లాట్‌ఫారాల మధ్యన మూడు వైపులా అద్దాలున్న ఇరుకు గది ఆయనది. ఒక బల్ల, మైకు, గోడ గడియారం, అంతే. పొద్దున ఆరింటికి కూర్చుంటే మధ్యాహ్నం రెండింటికి లేచేవాడు.

భార్య నర్సు. మా ఊరి ఆస్పత్రిలో ఆవిడ పనల్లా కట్లు కట్టడం, సూదులు వేయడం. కాస్త కష్టమైన కేసు వస్తే చీటీ రాసి పెద్ద ఊరికి పంపేసేవారు. నేర్చుకున్నదంతా తుప్పు పట్టిపోతోందని ఆవిడ బాధ. అలాంటప్పుడు ఒక ప్రకటన కనబడింది. పసిఫిక్ మహాసముద్రంలో ఎక్కడో ఒక ద్వీప దేశం, దాని రాజధానిలో పెద్దాస్పత్రి, ఆపరేషన్ థియేటర్లో పని తెలిసిన నర్సులు కావాలి. ఆవిడ దరఖాస్తు పెట్టింది, పిలుపొచ్చింది. రెండేళ్ల ఒప్పందం. ముల్లు వద్దనలేదు. వద్దనాలనే ఉండిందట గానీ, ఆ కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు ఆవిడ మొహం చూశాక నోరు పెగల్లేదట. ఈ సంగతి నాతో చాలా రోజుల తర్వాత అన్నాడు.

ఆవిడ వెళ్లాక ఇంట్లో ముగ్గురు మిగిలారు. ఆయన, మూడో తరగతి చదివే పాప, ఆవిడ తల్లి. ఆ పెద్దావిడకి కూతురొక్కతే సంతానం. గుండె కొంచెం బలహీనం, మాట మాత్రం గట్టిది.

ఆ దేశం మాకంటే ఏడు గంటలు ముందు. ఆవిడ డ్యూటీ దిగేది అక్కడి మధ్యాహ్నం మూడింటికి, అంటే మాకు పొద్దున ఎనిమిది. ఆ టైముకి బస్టాండు తేనెపట్టులా ఉంటుంది. ఆయన డ్యూటీ దిగేది రెండింటికి. అప్పటికి ఆవిడకి రాత్రి తొమ్మిది, నిద్రకి వాలిపోయే వేళ. మొత్తం రోజులో మొగుడూ పెళ్లాలకి దొరికేవి రెండే సందులు. ఎనిమిదింపావుకి ఐదు నిమిషాలు, రెండింటికి ఇంకో పది. ఉత్తరం దక్షిణం తప్ప తెలియని మా డ్రైవర్లకి ఆయన ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పాడో. సాయంత్రం ఐదు దాటితే అక్కడ తేదీ మారిపోతుందంటే ఒకాయన బొత్తిగా నమ్మలేదు. అలాగైతే మా ఆవిడని అక్కడికి పంపుతాను, రేపు ఏం గొడవ పెట్టుకుంటుందో ఇవాళే ఫోన్ చేసి చెబుతుంది అన్నాడు. ఆ రోజు ముల్లు కూడా నవ్వాడు.

పెద్దావిడకి ఆ లెక్కతో పని లేదు. రోజుకి పదిసార్లు ‘బాబూ, అక్కడిప్పుడు ఎంతైంది?’ అని అడిగేది. ఆయన చెప్పేవాడు. ‘అయితే తింటూ ఉంటుంది’ అనో, ‘అయితే లేచి ఉంటుంది’ అనో అనుకుని, అప్పుడు తన పని తాను చేసుకునేది. కూతురు తినే వేళ అయిందంటే గానీ తను కంచం ముందు కూర్చునేది కాదు. అందువల్ల ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనం ఒంటిగంటకి తప్ప అయ్యేది కాదు, అక్కడ ఎనిమిది కొట్టాలి కదా.

ఇలా పదహారు నెలలు గడిచాయి.

అది గురువారం. నా బస్సు ఎనిమిదిన్నరకి. షీటు తీసుకుందామని ఆయన గదిలో నిలబడి ఉన్నాను. ఎనిమిదింపావుకి ఫోన్ మోగింది. ఆవిడే. తుపాను వస్తోందని రెండు రోజులుగా చెబుతూనే ఉంది, ఇప్పుడు దారి మార్చుకుని నేరుగా రాజధాని మీదికే వస్తోందట. రాత్రి ఏడుకల్లా తీరం తాకుతుందని అక్కడి రేడియో చెప్పిందట. డ్యూటీ దిగిన వాళ్లని కూడా ఇళ్లకి పోవద్దన్నారట. ఆయన ‘ఏడంటే మాకు పన్నెండు’ అన్నాడు.

సరిగ్గా అప్పుడే బయట రెండు బస్సులు గేటు దగ్గర ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. వెనక తొమ్మిది బస్సులు ఆగిపోయాయి. హారన్లు, అరుపులు, కిటికీ అద్దం మీద దబదబా చేతులు. ఆయన ఫోను చెవికి నొక్కుకుని, ‘రెండింటికి చేస్తాను, ఉండు’ అని పెట్టేసి బయటికి పరుగెత్తాడు.

గేటు దగ్గర గొడవ పన్నెండు నిమిషాల్లో తీరింది. నా బస్సు తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఆయన తొమ్మిదీ రాశాడు.

నేను ట్రిప్పు ముగించుకుని పన్నెండుంపావుకి తిరిగి వచ్చేసరికి ఆయన మైకు ముందు కదలకుండా కూర్చుని ఉన్నాడు. బయట ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది. ఆకు కదలడం లేదు. ‘అక్కడ ఇప్పుడు మొదలై ఉంటుంది’ అన్నాడు నాతో. రెండు దాకా ఆగలేక అప్పుడే నెంబరు నొక్కాడు. లైను కలవలేదు. ఒంటిగంటకి కలవలేదు. రెండింటికీ కలవలేదు.

శుక్రవారం టీవీలో చూపించారు. పై నుంచి తీసిన బొమ్మలు. ఊరంతా ఎవరో పెద్ద చేత్తో చెరిపేసినట్టుంది. సముద్రం అడుగున వేసిన తీగ తెగిపోయింది, టవర్లు కూలిపోయాయి, ఆస్పత్రి ఒక వైపు పైకప్పు ఎగిరిపోయింది అన్నారు. ఏ వైపో చెప్పలేదు. ఎంతమంది పోయారో ఇంకా తెలియదన్నారు. మరుసటి రోజుకి ఇంకేదో దేశంలో ఇంకేదో జరిగింది, టీవీ అటు తిరిగిపోయింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన పడ్డ పాట్లు మేం కళ్లారా చూశాం. ఆవిణ్ణి పంపిన సంస్థ ఆఫీసుకి ఫోన్ చేస్తే, సమాచారం రాగానే మేమే చేస్తామండీ అని ఒకమ్మాయి మర్యాదగా చెప్పేది. విదేశాంగ కార్యాలయంలో రాసుకున్నామన్నారు. ఏం రాసుకున్నారో చదివి వినిపించమన్నాడు. వాళ్లు వినిపించారు. భార్య పేరులో ఒక అక్షరం తప్పుంటే దిద్దించాడు. రెండో రోజు మళ్లీ చేస్తే పాత తప్పే చదివారు. అప్పుడు మాత్రం ఆయన గొంతు లేచింది. ఆస్పత్రి నెంబరుకి గంటకోసారి చేసేవాడు. అక్కడ అర్ధరాత్రని తెలిసినా చేసేవాడు. ఎవరైనా ఎత్తుతారని కాదు. మోగితే చాలు. అది మోగేది కూడా కాదు.

డిపో మేనేజరు సెలవు పెట్టమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఇంటికి పోతే పెద్దావిడ మొహం చూడాలి. ఇక్కడైతే బస్సులుంటాయి.

నాలుగో రోజు, సోమవారం, ఒక సంగతి జరిగింది. తొమ్మిదింటి బస్సుకి మైకులో పిలుస్తూ ‘సాయంత్రం నాలుగు గంటలకు బయలుదేరు బస్సు రెండో ప్లాట్‌ఫారంపై సిద్ధంగా ఉంది’ అన్నాడు. జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. కొందరు నవ్వారు. ఒక ముసలాయన తన బస్సు వెళ్లిపోయిందేమోనని కంగారుగా గది దగ్గరికొచ్చి అడిగాడు. ముల్లు ఆయనకి సమాధానం చెప్పబోయి, గడియారం వంక చూసి, మైకు మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. నేను వెళ్లి ఆ ప్రకటన మళ్లీ సరిగ్గా చదివాను. నేను చదువుతున్నంతసేపూ ఆయన భుజం నా చేతికి తగులుతూనే ఉంది.

ఇంట్లో పెద్దావిడ టైము అడగడం మానేసింది. దానికే ఆయనకి ఎక్కువ భయం వేసిందట. వేళకి కంచం ముందు కూర్చోబెట్టినా ముద్ద దిగేది కాదు. పాప బతిమాలితే రెండు మెతుకులు నోట్లో వేసుకునేది. డాక్టరు మందు మార్చాడు, ఆస్పత్రిలో చేరమన్నాడు. కూతురు ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరూ లేకపోతే ఎలా అని ఆవిడ కదలనంది.

ఆరో రోజు, బుధవారం పొద్దున, ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుంది.

‘బాబూ, నా దగ్గర ఏమన్నా దాస్తున్నావా?’

‘దాయడానికి నాకు తెలిస్తే కదత్తయ్యా.’

‘తెలిస్తే చెబుతావా?’

‘చెబుతాను.’

ఆవిడ చెయ్యి వదిలేసింది.

పది గంటల ఇరవై నిమిషాలకి పక్కింటావిడ ఏదో అడుగుదామని వెళ్లి, గుమ్మం పక్కన కుర్చీలో ఆవిడ తల వాల్చి ఉండటం చూసింది. ఒక పలుచటి ఊపిరి, ఇంకొకటి, తర్వాత లేదు. బడి నుంచి పాపని నేనే తీసుకొచ్చాను. దారిలో ఆ పిల్ల ఏడవలేదు. నా వేలు పట్టుకుని నడుస్తూ, ‘అంకుల్, అమ్మకి ఎవరు చెబుతారు?’ అని మాత్రం అడిగింది.

అంత్యక్రియలు మర్నాడు చేశారు. ఒక్కగానొక్క కూతురు కోసం ఆపాలా, ఆపితే ఎన్నాళ్లు ఆపాలి, అసలు ఆ కూతురు ఉందా లేదా? ఎవరూ పైకి అనని ఆ మాట అందరి నోళ్లలోనూ ఉంది. ముల్లు ఎవరినీ ఏమీ అడగలేదు. తనే నిర్ణయించాడు, తనే ముందు నడిచాడు. తిరిగి వచ్చాక పెరట్లో నీళ్ల తొట్టి పక్కన కూలబడి, ‘ఈవిణ్ణి నేనే చంపాను’ అన్నాడు. ఆ రోజు ఫోన్ పెట్టేయకుండా ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే తల్లికి చెప్పడానికి ఏదో ఒక మాట ఉండేదట. ఆ మాట పట్టుకుని ఆవిడ ఇంకో పది రోజులు బతికేదట. నేను అలా కాదని ఎంత చెప్పినా వినలేదు.

తొమ్మిదో రోజు శనివారం. ఎవరు వద్దన్నా డ్యూటీకి వచ్చాడు. ఎనిమిది నలభైకి ఫోన్ మోగింది. నెంబరు చాలా పొడుగ్గా, వింతగా ఉంది. ఆయన ఎత్తి చెవికి నొక్కుకున్నాడు. అవతల నుంచి గరగర, దాని వెనక ఆవిడ గొంతు. గదిలో నేనూ ఒక డ్రైవరూ ఉన్నాం.

సహాయానికి వచ్చిన ఓడ ఒక శాటిలైట్ ఫోను తెచ్చిందట. ఆస్పత్రి వాళ్లంతా వరసలో నిలబడ్డారట. మనిషికి ఒక నిమిషం. పక్కన ఒకతను వాచీ పట్టుకుని నిలబడ్డాడట. ‘నేను బాగున్నానండీ. చేతికి చిన్న దెబ్బ, అంతే. పాపకి చెప్పండి’ అని గబగబా అంది. ఆయన ఊఁ, ఊఁ అంటున్నాడు. కళ్లు మాత్రం గోడ గడియారం మీదే ఉన్నాయి.

‘అమ్మ ఎలా ఉంది?’

నేను చూస్తున్నాను. గడియారంలో ముల్లు కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కుతోంది. ఇంకో ఇరవై సెకన్లుంటాయేమో.

‘బాగుంది’ అన్నాడు. ‘పడుకుంది.’

‘ఈ టైములోనా?’

‘నీకోసం రాత్రంతా మేలుకుంది.’

లైను తెగిపోయింది. ఆయన ఫోను బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని మీద మూసి, మా వంక చూశాడు. భార్య బతికుందన్న వార్త విన్న మనిషి మొహం అలా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ‘ఇరవై సెకన్లలో ఎలా చెప్పమంటావు?’ అన్నాడు.

తర్వాత వారం ఇంకో నిమిషం దొరికింది, ఆ తర్వాతి వారం మరొకటి. మొదటిసారి ఆవిడ అమ్మ గురించి అడిగితే డాక్టరు దగ్గరికి వెళ్లిందన్నాడు. రెండోసారి ఫోను పాపకి ఇచ్చేశాడు. పాపకి ముందే చెప్పి ఉంచాడు, అమ్మమ్మ సంగతి నేను చెబుతాను, నువ్వు చెప్పకు అని. తొమ్మిదేళ్ల పిల్ల ఆ నిమిషమంతా బడి గురించి మాట్లాడింది. ఫోన్ పెట్టేశాక వెళ్లి మంచం కింద దూరి పడుకుందట. రెండు గంటలు బయటికి రాలేదట.

నెల తిరిగేసరికి అక్కడి లైన్లు బాగయ్యాయి. అడ్డం పడటానికి ఇక నిమిషం లెక్క లేదు. ఆవిడ రెండున్నరకి చేసింది, ఆయన డ్యూటీ దిగి ఇల్లు చేరే టైము చూసుకుని. ముందు అమ్మకివ్వండి అంది. అప్పుడు చెప్పాడు.

ఆ తర్వాత ఆవిడ అడిగినవి రెండే. ఏ రోజు? ఎన్నింటికి? తుపాను తర్వాతి బుధవారం, పది ఇరవై అని చెప్పాడు. అవతల ఆవిడ తనలో తను ఏడు కలుపుకోవడం ఆయనకి వినబడింది.

‘ఐదు ఇరవై’ అంది. ‘ఆ సాయంత్రం మంచినీళ్ల ఓడ వచ్చింది. ఆరు రోజుల తర్వాత తల స్నానం చేశాం. నీళ్లు ఒకళ్ల మీద ఒకళ్లం పోసుకున్నాం. నేను నవ్వుతున్నానండీ అప్పుడు.’

ఆయన ఏదో చెప్పబోయాడు.

‘పడుకుందన్నారు’ అంది ఆవిడ. ఫోన్ పెట్టేసింది.

ఒప్పందంలో ఇంకా ఏడు నెలలుంది. తుపాను తర్వాత ఇళ్లకి పోతామన్న వాళ్లని ఆస్పత్రి వాళ్లు పంపేశారు. ఆవిడ పోతాననలేదు. రమ్మని ఆయన ప్రాధేయపడ్డాడు. ఇక్కడ ఆరుగురు చెయ్యాల్సిన పని ఇద్దరం చేస్తున్నాం, అక్కడికొచ్చి ఎవరిని చూసుకోవాలి అందట. ఆ మాట ఆయన్ని నిలువునా కోసేసింది. ఆ తర్వాత ఎనిమిదింపావు ఫోన్లు మళ్లీ మొదలవలేదు. ఆదివారాలు ఇంటికి చేసి పాపతో మాట్లాడేది. ఆయన పక్కనే కూర్చుని, పాప ఊఁ కొట్టడాన్ని బట్టి అవతల ఏమంటోందో ఊహించుకునేవాడు. బస్టాండులో పని మాత్రం మళ్లీ గాడిన పడింది. కాకపోతే ఆలస్యాలు రాయడం తగ్గించాడు. నాలుగు నిమిషాలైతే రెండేసేవాడు. మాకు సంతోషం కలగాలి నిజానికి. కలగలేదు.

ఆవిడ తిరిగి వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. బస్సు దిగి, తిన్నగా వెళ్లి ఆ అద్దాల గది తలుపు దగ్గర నిలబడిందట. ఆయన డ్యూటీ ఇంకా నలభై నిమిషాలుంది. బెంచీ మీద కూర్చుని ఆగిందట. ఇద్దరూ కలిసి ఇంటికి నడిచారు, పెట్టె ఆయన మోశాడు. కావలసిన మాటలు మాట్లాడుకున్నారు, పాప పుస్తకాలు, గ్యాసు, తాళం చెవులు. పది రోజులు అంతే. గాలి కాస్త గట్టిగా వీస్తే ఆవిడ లేచి కిటికీలు లాగి చూసేది. ఆయన కూడా లేచేవాడు.

పదకొండో రోజు ఆదివారం. వంటింట్లో ఆవిడ స్టవ్వు మీద అన్నం పెట్టి కూరలు తరుగుతోంది. ఆయన వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ లోపల తొలుస్తున్నది బయట పెట్టేశాడు. ఆ గురువారం పొద్దున నువ్వు మాట్లాడుతుంటే పెట్టేశాను, నన్ను క్షమించు అన్నాడు. ఆవిడ కత్తిపీట ఆపి అయోమయంగా చూసింది. ఏ గురువారం? ఏం పెట్టేశారు?

ఆవిడకి గుర్తే లేదు. గుర్తు చేస్తే, ‘మీరు పెట్టకపోతే నేనే పెట్టేసేదాన్ని. కింది వార్డు మంచాలు పైకి చేర్చాలి అప్పుడు’ అంది. అత్తగారి చావు కూడా దానివల్లేనని ఎనిమిది నెలలు ఆయన మోసిన బరువు ఆవిడ లెక్కలోనే లేదు.

‘నా బాధ అది కాదండీ. నేను నర్సుని. తుపాను తర్వాత ఎంతమందికి ఆ మాట నా నోటితో చెప్పానో మీకు తెలుసా? కొడుకు పోయాడని, భార్య పోయిందని. ఒక్కోళ్లకి చెప్పడానికి నాకు నిమిషం కూడా దొరికేది కాదు. అయినా చెప్పాను. నా దాకా వచ్చేసరికి మీరు నన్ను పసిపిల్లని చేశారు. నెల రోజులు, మా అమ్మ ఉందనుకుని ఆవిడకి ఏమేం చెప్పాలో పోగేసుకున్నాను.’

కత్తిపీట పక్కకి జరిపి ఆవిడ, ఆ బుధవారం పొద్దున్నించి చెప్పండి అందట. దేన్నీ కుదించొద్దంది. ఆయన మొదలుపెట్టాడు. ఐదుంపావుకి లేచింది. ముఖం కడుక్కుంది. టీ సగం తాగి పక్కన పెట్టింది. నీలం చీర కట్టుకుంది, అంచు తిరగబడితే పాప సరిచేసింది. గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుంది, ఇలా అడిగింది, నేను ఇలా అన్నాను. ఒక్కో నిమిషమూ షీటు చదివినట్టే చెప్పాడు. ఆవిడ మోకాళ్ల మీద గడ్డం ఆనించి వింది. ఒక చోట, సగం టీ అన్న చోట, మళ్లీ చెప్పమంది.

ఆడుకోవడానికి పోయిన పాప తిరిగొచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. అమ్మా నాన్నా వంటింటి నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. పాప వాళ్ల కాళ్లు దాటుకుంటూ వెళ్లి స్టవ్వు ఆపింది.